బలహీనతలో బలము : జాషువా చూపిన దారి

దుర్బలుని ఓదార్చుట సులభము. దుర్బలునికి బలము కలిగించుట కష్టము. మతములు మొదటి పని చేయగలవని ఒప్పుకొనువారు సైతము రెండవ పని చేయగలవా అని సందేహింతురు. ఈ సందేహమును కొట్టివేయుట తగదు. క్రైస్తవ ధర్మమున ఈ ప్రశ్నకు ప్రముఖ స్థానము కలదు. కావున దానిని ఆధారముగా గొని మా అభిప్రాయమును విద్యార్థి మిత్రుల ఎదుటను, కళాశాల కార్యవర్గము ఎదుటను ఉంచుచున్నాము.

పౌలు మహాశయుడు కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖలో తన శరీరమున ముల్లువలె నాటుకొన్న బాధను గూర్చి చెప్పెను. దానిని తొలగింపుమని ఆయన మూడుమారులు వేడుకొనెను. ముల్లు తొలగలేదు. దానిని మోయుచునే పని సాగించు శక్తి తనకు లభించినదని ఆయన గ్రహించెను. ఇందు మనము మరువరానిది ఒకటి కలదు: ఆయన మొదట తొలగింపుమనియే అడిగెను. బాధను సుఖమని నటింపలేదు. హజ్రత్ ఈసాను ప్రవక్తగా గౌరవించు మాకు శిలువ విషయమున విశ్వాసము వేరు. అయినను, ఓడినవానికి దైవము దూరము కాడను ఆశ ఆ కథనుండి కోట్ల హృదయములకు అందినదను సత్యమును కాదనలేము. మనకు అయ్యూబు ప్రవక్త గాథ తెలిసినదే. సహనమునకు ఆయన పేరు పర్యాయపదమైనది. అయితే ఖురాను చెప్పిన ఆ గాథలో ఉపశమనము కలుగుటకు ముందు, పాదముతో నేలను తన్నుమని ఆయనకు ఆజ్ఞ అయినది. అప్పుడే చల్లని నీరు పుట్టినది. కరుణ దైవానిది, పాదము మాత్రము రోగిదే.

ఈ భావము తెలుగునేలపై ఎట్టి రూపము దాల్చినదో తెలియుటకు గుఱ్ఱం జాషువా జీవితమును చూడవలెను. నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895 సెప్టెంబరు 28న జన్మించిన ఆయన క్రైస్తవుడుగా పెరిగిరి. మతము ఏదైనను కులము ఆయనను విడువలేదు. సభలలో అంటరానివాడను చూపు వెన్నంటినది. హిందూ పురాణ వస్తువులను కావ్యములకు గైకొన్నందుకు స్వమతస్థుల ఆగ్రహమును చవిచూచిరి. మూకీ చిత్రములకు మాటలు చదివి వినిపించు కొలువు చేసిరి. ఉపాధ్యాయులై కుటుంబమును పోషించిరి. దారిద్ర్యమును, కులమత భేదమును ఆయన తన ఇరువురు గురువులుగా చెప్పుకొనిరి. మొదటిది ఓర్పు నేర్పినదట, రెండవది ఎదిరించు శక్తి నేర్పినదట. పౌలు చెప్పిన ముల్లు ఇట్లు తెలుగు కవి చేతిలో ఘంటమైనది.

మతమిచ్చు ఆశ పేదవానిని జోకొట్టునని విమర్శకులు అందురు. కొన్నిచోట్ల అట్లు జరుగుటయు నిజమే. కాని 1941లో వెలువడిన ‘గబ్బిలము’ను చదివినవారు కవి నిద్రించెనని అనజాలరు. ఆలయప్రవేశము లేని అస్పృశ్యుడు తన మొర కాశీలోని శివునికి విన్నవింపుమని గబ్బిలమును పంపును. మనుష్యునికి లేని ప్రవేశము ఆ గబ్బిలమునకు కలదు! ఈ ఒక్క కల్పనతో సమాజమంతయు విచారణకు నిలువబడినది. కన్నీరు పెట్టిన కవియే ప్రశ్న వేసినాడు. తరువాత ‘క్రీస్తు చరిత్ర’ను రచించి, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును పొందిరి. 1971లో కన్నుమూయు వరకు ఆయన తన విశ్వాసమునకును తన ప్రశ్నకును నడుమ గోడ కట్టలేదు.

ఉర్దూ, తెలుగు రెండును వినిపించు విద్యాలయమున ‘ఫిరదౌసి’ని స్మరింపకుండుట తగదు. 1932 నాటి ఆ కావ్యములో ఈ క్రైస్తవ కవి ఒక పారశీక ముస్లిం కవి వేదనను తన వేదనగా పాడిరి. బంగారు నాణెములు ఇత్తునని వెండి నాణెములు పంపిన సుల్తాను గాథ ప్రసిద్ధమే. గాయపడినవాడు తన గాయమునే చూచుకొనక, వేయి సంవత్సరముల నాటి పరాయి కవి గాయమును గుర్తించుట గొప్ప బలము. బలహీనతనుండి పుట్టు బలమునకు ఇదియే గుర్తు అని మా నమ్మకము: అది ఇతరులపై స్వారి చేయదు, ఇతరుల బాధను పోల్చుకొనును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఓర్పును గూర్చి బోధించు హక్కు బాధపడువానికి కలదు, బాధపెట్టువానికి లేదు. ఫీజు కట్టలేని విద్యార్థికి ఓర్పును బోధించి పంపుట ధర్మము కాదు. ఆశకు చేతులు ఉండవలెను. మన పొరుగున జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రిని తలచుడు. లండన్ మిషనరీ సంఘమువారి సేవగా మొదలైన ఆ వైద్యశాలకు అన్ని మతములవారును రోగులై వెళ్ళిరి. ప్రార్థన అచ్చట మంచమై, మందై, నర్సు చేయియై నిలిచినది.

మరి మన చేతులు ఏవి? 2019లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వచ్చిన పిదప పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. కుందూ తీరపు రాజుపాలెము పిల్లల గుండెలు వారి గుండెలకంటె గట్టివని మనము నిశ్చింతగా ఉండరాదు. ఇంటిలో మొదటగా కాలేజి గడప తొక్కిన బాలికకు, వానలు లేక అప్పు చేసి చదివించు రైతు కుమారునికి, ఒక పేపరు తప్పుట ఇల్లు కూలినట్లే తోచును. కనుక కార్యవర్గమువారికి మూడు మనవులు. తక్కువ మార్కులను తరగతిలో బిగ్గరగా చదువుట మానింపుడు. ఫలితములు వచ్చు దినమున అధ్యాపకులము సాయంత్రము వరకు కళాశాలలోనే ఉండునట్లు ఏర్పాటు చేయుడు. తప్పినవారికి సప్లిమెంటరీ పరీక్షకు రుసుము లేని తరగతులు నడిపింపుడు. పాఠములు చెప్పుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

విద్యార్థి మిత్రులారా! మీరు బలహీనులు కారని చెప్పి మిమ్ము మభ్యపెట్టము. బలహీనత వచ్చును. వచ్చిననాడు దానిని దాచుకొనక ఒకరితో చెప్పుడు. పౌలు అడిగెను, అయ్యూబు మొరపెట్టెను, జాషువా గబ్బిలముతోనైనను కబురంపిరి. మీ కబురు వినుటకు కాశీవరకు పోనక్కరలేదు. స్టాఫ్‌రూము తలుపు తట్టుడు.