రిబ్బన్ స్పీకరూ – మా బాపు చెవులూ

హై-ఫై అనగానే మనలో చాలామందికి అదేదో డబ్బున్నవాళ్ల షోకు అనిపిస్తుంది. మొన్నమొన్నటిదాకా నా అభిప్రాయం కూడా అదే. అది ఎందుకు మారిందో, దాన్నిబట్టి మన విద్యార్థి సంఘానికి నేను విన్నవించుకోదలచిందేమిటో ఈ నాలుగు మాటల్లో రాస్తున్నాను.

మా బాపుది మైకుసెట్టు పని. పెండ్లయినా, పీర్ల పండుగయినా, ఎలక్షన్ మీటింగయినా చెట్టుకు రెండు హారన్లు కట్టి, జనరేటరు పక్కన పొద్దంతా కూర్చునేవాడు. ముప్ఫై ఏండ్లు అదే పని. ఆ సంపాదనతోనే నన్ను హన్మకొండకు పంపి డిగ్రీ చదివిస్తున్నాడు. కాబట్టి చిన్నప్పటినుంచీ సౌండు విషయంలో నాకు తెలిసింది ఒకటే లెక్క: ఎంత దూరం వినబడుతుంది?

పోయిన ఏడాది ఒక మిత్రుడు నన్ను నక్కలగుట్టలో వాళ్ల బంధువుల ఇంటికి తీసుకుపోయాడు. ఆయన అమెరికాలో ఉద్యోగం చేసి తిరిగివచ్చిన ఇంజనీరు. హాల్లో గోడకు మూడడుగుల ఎడంగా రెండు తలుపు రెక్కల్లాంటివి నిలబెట్టి ఉన్నాయి. చెక్క డబ్బా లేదు, కాగితపు కోను లేదు. అవే స్పీకర్లట! జిమ్ వైనీ అనే ఇంజనీరు 1969లో మిన్నెసోటా రాష్ట్రంలో ప్రారంభించిన మాగ్నెపాన్ కంపెనీవి. అందులో సన్నని స్వరాలను పలికించేది ఒక రిబ్బను.

దీని సూత్రం మనం ఇంటర్‌లో బట్టీపట్టిన ఫ్లెమింగ్ ఎడమచేతి నియమమే. మామూలు స్పీకరులో కరెంటు ఒక తీగచుట్టలో పారుతుంది; ఆ చుట్ట కోనును మధ్యలో పట్టుకుని ముందుకూ వెనక్కూ నెడుతుంది. రిబ్బను స్పీకరులో చుట్టా లేదు, కోనూ లేదు. రెండు అయస్కాంతాల నడుమ వెంట్రుక కన్నా ఎన్నోరెట్లు పలచని అల్యూమినియం రేకు వేలాడుతుంది. కరెంటు పారేదీ అదే, కదిలేదీ అదే. బరువు లేదు గనుక స్వరం మొదలవగానే కదులుతుంది, ఆగగానే ఆగుతుంది. దాని నిరోధం ఓములో కొద్ది భాగమే గనుక యాంప్లిఫయరుకూ దానికీ మధ్య సాధారణంగా ఒక ట్రాన్స్‌ఫార్మరు పెడతారు. ఇది కొత్త సంగతేమీ కాదు. 1924లోనే జర్మనీలోని సీమెన్స్ కంపెనీలో షాట్కీ, గెర్లాక్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. మన ఎలక్ట్రానిక్స్ పుస్తకంలోని షాట్కీ డయోడు ఆ షాట్కీ పేరు మీదిదే.

ఆ రోజు ఆయన వీణ రికార్డు పెట్టారు. వాల్యూము చాలా తక్కువ. మేం మామూలుగా మాట్లాడుకోవచ్చు. అయినా మీటిన వేలు తీగను విడిచిన క్షణం కూడా తెలుస్తున్నది. చప్పుడు పెంచకుండా కూడా పాట దగ్గరికి వస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కాసేపటికి ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చారు. వాళ్లకూ ఇలాంటి సెట్లే ఉన్నాయట. గంటన్నరసేపు ఒకరు తన యాంప్లిఫయరు వాట్లు, ఇంకొకరు తన కేబుళ్ల ఖరీదు వర్ణించుకున్నారు. వీణ ఎవరిదని ఏ ఒక్కరూ అడగలేదు. మా ఊళ్లో ఎవడి డీజేకు ఎన్ని డబ్బాలున్నాయని పోటీపడే కుర్రాళ్లు గుర్తొచ్చారు. ఖరీదులో తేడా ఉందేమోగాని జబ్బు మాత్రం ఒకటే.

మేం ముగ్గురం ఫిజిక్సు విద్యార్థులం కలిసి సొంతంగా ఒక రిబ్బను చేశాం. వంటింటి అల్యూమినియం రేకును రెండు పళ్లచక్రాల మధ్య నొక్కి ముడతలు పెట్టాం. నియోడిమియం అయస్కాంతాలు తెప్పించాం, ట్రాన్స్‌ఫార్మరు చేత్తో చుట్టాం. మొదటి రేకు బిగిస్తుండగా చిరిగింది. రెండోది దుమ్ముందని నేను ఉఫ్‌మని ఊదితే పోయింది! మూడోది పలికింది. బాస్ కోసం పాత స్పీకరు కింద పెట్టుకున్నాం.

దసరా సెలవులకు దాన్ని ఇంటికి తీసుకుపోయి, మేం రికార్డు చేసిన చిందు భాగోతం బాపుకు వినిపించాను. శ్రద్ధగా విన్నాడు. చివరికి అడిగాడు:

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని గజ్జెలు ఏడవోయినయ్ రా?"

గజ్జెలు గదినిండా మోగుతూనే ఉన్నాయి. అమ్మ నా మొహంకేసి చూసింది. నేనేం చెప్పలేకపోయాను.

తర్వాత డాక్టరుకు చూపిస్తే, సన్నని స్వరాలు వినే శక్తి ఎప్పుడో పోయిందన్నారు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే కణాలు ఒకసారి చనిపోతే మనిషిలో మళ్లీ పుట్టవు. బాపు చేసింది తప్పని నేననను, అది మాకు అన్నం పెట్టింది. జాగ్రత్త చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే. మరి మనకు? ప్రపంచంలో 100 కోట్లకు పైగా యువతీయువకుల వినికిడి ప్రమాదంలో ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హెచ్చరించింది. వారానికి 40 గంటలు వినేవాళ్లు 80 డెసిబెళ్లు దాటకూడదని కూడా చెప్పింది. బస్సెక్కిందగ్గర్నుంచీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు దిగేసుకుని తిరిగే మనం ఆ లెక్క ఎప్పుడైనా చూసుకున్నామా?

"పండుగంటే చప్పుడుండాలె గదా" అని కొందరు మిత్రులు అంటారు. ఉండాలె! ఒగ్గుడోలు చప్పుడు నాకూ ఇష్టమే. కానీ మన వార్షికోత్సవంలో పెట్టే డబ్బాల ముందు డోలు ఏదో, డ్రమ్ము ఏదో ఎవరికైనా తెలిసిందా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం కావచ్చు. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెళ్లు. చదువుకున్నవాళ్లం మనమే దాన్ని పట్టించుకోకపోతే ఊరివాళ్లకు చెప్పే అర్హత మనకెక్కడిది?

కనుక సంఘానికి నా విన్నపాలు మూడు. వచ్చే వార్షికోత్సవంలో సౌండు కొలిచే మీటరు ఒకటి తెచ్చి, డబ్బాల దగ్గర ఒక విద్యార్థిని నిలబెట్టండి. వారానికి ఒక సాయంత్రం ఒక గది ఇప్పించండి. మేం చేసిన రిబ్బన్లు అక్కడే పెడతాం, ఎవరైనా వచ్చి కూర్చుని వినవచ్చు. ఇక మన జిల్లాల చిందు, ఒగ్గు కళాకారుల పాటను మంచి మైకుతో రికార్డు చేసి కాలేజీలో భద్రపరచండి. వీటికి లక్షలు అక్కర్లేదు.

గజ్జెలు ఏడవోయినయని మా బాపు అడిగాడు. ఇరవై ఏండ్ల తర్వాత మన పిల్లలను మనం అదే ప్రశ్న అడిగే గతి పట్టకూడదని నా కోరిక.