బడి ఆటస్థలంలో టైరు రబ్బరు వేయించే ముందు

ఈసారి పంట సంగతి కాదు, పిల్లల సంగతి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మన బడిలో జారుడుబల్ల, ఉయ్యాలలు పెట్టిస్తామని బయటి దేశాల్లో ఉన్న మన ఊరి కుర్రాళ్ళు డబ్బు పోగు చేస్తున్నారు. మంచి మాట. కింద మాత్రం పట్నం పార్కుల్లోలాగా రంగు రబ్బరు వేయిద్దామంటున్నారు. అది చాలావరకు పాత లారీ, కారు టైర్లను పొడి చేసి, జిగురుతో అతికించి, పైన రంగు వేసిన సరుకు. వాట్సాప్ గ్రూపులో అప్పుడే రెండు వర్గాలయ్యాయి. ఒకరు క్యాన్సర్ వస్తుందంటారు, ఇంకొకరు అమెరికాలో వేసుకోవట్లేదా అంటారు. నన్నడిగితే ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు.

రబ్బరు ఎందుకు వేస్తారు? పైనుంచి పడ్డ పిల్లోడి తల పగలకుండా. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఒక లెక్క ఇచ్చింది. 9 అంగుళాల ఇసుక ఉంటే 4 అడుగుల ఎత్తు నుంచి పడినా కాస్తుంది. విడిగా పోసిన టైరు ముక్కలైతే 6 అంగుళాలే 10 అడుగుల దాకా కాస్తాయి. కాబట్టి రబ్బరు పనికిరాదని నేననను. సిమెంటు గచ్చు మీద జారుడుబల్ల పెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం. కానీ కాసేది మందం, రంగు కాదు. అర అంగుళం పలక పరిచి పోతే అది ఫొటోకే. కొటేషన్లో మందం ఎంత, ఎన్ని అడుగుల ఎత్తుకి పరీక్ష చేశారు అన్నది రాయించాలి.

ఇక రసాయనాలు. టైరంటే ఉత్త రబ్బరు కాదు. మసి, గంధకం, నూనెలు, జింకు అన్నీ ఉంటాయి. జింకే నూటికి ఒకటి రెండు పాళ్ళు. (వరికి ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేట్ కొనుక్కొచ్చి వేసే మనకి ఇది తమాషాగానే ఉంటుంది.) క్యాన్సర్ గుణం ఉన్న 8 రకాల పీఏహెచ్ రసాయనాలు అన్నీ కలిపి ఆటస్థలాల రబ్బరు పొడిలో కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్‌లో 2022 ఆగస్టు నుంచి అమలు చేస్తున్నారు. అమెరికా ప్రభుత్వం కృత్రిమ గడ్డి మైదానాల్లో వాడే టైరు పొడి మీద 2016లో మొదలెట్టిన పరిశోధన చివరి భాగం 2024లో వచ్చింది. రసాయనాలు ఉన్న మాట నిజమే గానీ మనిషికి తగిలేది తక్కువే ఉండొచ్చని అందులో ఉంది. కాబట్టి క్యాన్సర్ అని ఊరంతా బెదరగొట్టక్కర్లేదు. అలాగని కళ్ళు మూసుకోనూ కూడదు. మనకొచ్చే పొడి ఏ టైర్లదో, ఎవరు పరీక్ష చేశారో కాగితం కావాలి. నాలుగేళ్ళకి పెచ్చులూడితే ఆ పొడి ముందు చేరేది అంగన్‌వాడీ పిల్లల నోట్లోకే.

అన్నిటికంటే నాకు భయం ఎండ. ఏప్రిల్ మధ్యాహ్నం కల్లంలో నల్ల పట్టా మీద వట్టి కాలు పెట్టి చూడండి. రబ్బరూ అంతే, ఎండకి కాలిపోతుంది. అమెరికాలోనే పిల్లల కాళ్ళు కాలతాయని హెచ్చరిస్తుంటే, మన ఎండలో, చెప్పులు విడిచి ఆడే మన పిల్లలకి ఎలా ఉంటుంది?

నా మాట ఇది. జారుడుబల్ల 4 అడుగులు దాటనివ్వొద్దు. వేపచెట్టు నీడన పెట్టి, చుట్టూ 6 అడుగుల దాకా అడుగు లోతు తవ్వి, మట్టి కలవని ఇసుక పోద్దాం. మిగిలిన డబ్బు మరుగుదొడ్లకి వాడొచ్చు. ఇసుకతోనూ తంటాలున్నాయి. వానకి గట్టిపడుతుంది, కుక్కలు పాడుచేస్తాయి, గాజుపెంకులు చేరతాయి. వారానికోసారి తిరగేసి ఏరాల్సిందే. ఇసుక తోలడానికి నా ట్రాక్టరు ఇస్తాను, డీజిలు కూడా నాదే. ఏరే పని ఎవరెవరు పంచుకుంటారో ఆదివారం రచ్చబండ దగ్గర తేల్చుకుని, ఆ కుర్రాళ్ళకి ఫోన్ చేద్దాం.