పుట్టింటి ప్రయాణము – పోటు పరీక్ష

ఏడవ నెలలో సీమంతము జరిపి, తొలిసారి గర్భము దాల్చిన కూతురిని పుట్టింటికి తోడుకొనివచ్చుట మన కుటుంబములలో తరతరముల ఆచారము. ఇందు తప్పేమియు లేదు. తల్లి చేతి అన్నము తినుచు కాన్పునకు సిద్ధపడుట ఏ యువతికైనను ఊరటయే. అయితే షోలాపూరు నుండి పాలమూరునకో, హోసూరు నుండి కుప్పమునకో, పర్లాకిమిడి నుండి శ్రీకాకుళమునకో సాగెడు ఈ ప్రయాణము రాష్ట్రపు సరిహద్దును దాటుచున్నదని మనము మరచుచున్నాము. ఆరు నెలలు పరీక్షించిన నర్సమ్మ అక్కడనే నిలిచిపోవును. క్రొత్త ఊరి నర్సమ్మ పుస్తకములో ఆమె పేరుండదు.

మన పెద్దలు గుర్రపువాతమని పిలిచిన వ్యాధి పొంచియుండునది సరిగా ఈ కాలమందే. గర్భము 20 వారములు దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90కి పెరిగి, మూత్రములో మాంసకృత్తులు కనబడుట తొలి హెచ్చరిక. 160/110కి చేరినచో ప్రమాదము తీవ్రమైనట్లే. అప్పుడు తల్లికి మూర్ఛలు, మెదడులో రక్తస్రావము, కాలేయమునకు మూత్రపిండములకు చెరుపు. మాయకు రక్తము చాలక శిశువు ఎదుగదు. నెలలు నిండకయే పుట్టును. మాయ ముందుగా ఊడినచో గర్భమందే మరణింపవచ్చును. 2014లో ప్రకటితమైన ప్రపంచ ఆరోగ్యసంస్థవారి విశ్లేషణ ప్రకారము ప్రపంచమున గర్భిణుల, బాలింతల మరణములలో సుమారు 14 శాతము ఈ పోటు వ్యాధుల వలననే. తొలిచూలు స్త్రీలకు ఈ ముప్పు హెచ్చు. పుట్టింటికి వచ్చునది సాధారణముగా వారే కదా!

మందు లేదనుకొనరాదు. మెగ్నీషియం సల్ఫేటు సూది మూర్ఛల ముప్పును సగమునకు పైగా తగ్గించునని, 33 దేశములలో పదివేలమందికి పైగా స్త్రీలపై జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై పరిశోధన నిరూపించినది. అది ఖరీదైన మందును కాదు. కాని సూది వేయుటకు ముందు పోటు కొలువవలెను. పోటు పెరిగిన స్త్రీ చాలసార్లు కులాసాగానే తిరుగుచుండును. తలనొప్పిని ఎండదెబ్బయనియు, కన్నుల మసకను నీరసమనియు, పొట్ట పైభాగపు నొప్పిని అజీర్ణమనియు ఇంటివారు సరిపెట్టుకొందురు. మూర్ఛ వచ్చినపుడు గాలి సోకినదని తాయెత్తు కట్టించు ఇండ్లు నేటికిని లేకపోలేదు. కాన్పుతో గండము గడచెననుకొనుటయు పొరపాటే. బాలింతలకు సయితము, ముఖ్యముగా మొదటి రెండు దినములలో, మూర్ఛలు రావచ్చును.

చీరెసారెలు మరువక సర్దెడు అత్తవారు పరీక్షల కార్డును మరచుటను మేము మన్నింపజాలము. కార్డు కన్నడమున నున్నను, ఒడియాలో నున్నను పోటు అంకెలు ఏ నర్సమ్మకైనను తెలియును. పుట్టిల్లు చేరిన వారములోపున పేరు వ్రాయించి పోటు చూపింపవలెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుపు ఏర్పాటు 2016 నుండి కలదు.

ఇక ప్రభుత్వములకొక మాట. ఒక ప్రాంతపు జనసంఖ్యలో 15 నుండి 20 శాతమున్న అల్పసంఖ్యాకుల భాషలో కూడ ముఖ్యమైన ప్రకటనలు వెలువడుట మంచిదని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రము సూచించినది. శిస్తు నోటీసు ముఖ్యమైనచో, గర్భిణికి ప్రమాదచిహ్నములు తెలుపు కాగితము అంతకంటె ముఖ్యము కాదా? తలనొప్పి, కన్నుల మసక, పొట్ట పైభాగపు నొప్పి, ముఖమునకు చేతులకు హఠాత్తుగా నీరుపట్టుట – ఈ నాలుగు మాటలను తెలుగులోను అచ్చువేయించి మన పేటల ఆస్పత్రులలో అంటింపుడని సంఘపు శాఖలన్నియు ఈ నెలలోనే జిల్లా వైద్యాధికారులకు అర్జీలు పంపవలయును.