బాలింతరాలి గదికి విద్యుత్తు కుంపటి

ఆదిలాబాదు నుండి యొక సోదరి యిట్లు వ్రాసినారు: "మా పెద్దమ్మాయి తొలికాన్పునకు పుట్టింటికి వచ్చినది. పుష్యమాసములో పురుడు. గదిలో బొగ్గుల కుంపటి పెట్టింపవలెనని మా అత్తగారి పట్టుదల. ఎలక్ట్రిక్ హీటరు కొందమని మా అబ్బాయి యనును. అంగడికి పోయి యడుగగా నాలుగు విధములవి చూపి, నాలుగింటిని సమానముగా పొగడినారు. ఏది కొనవలెను? అసలు కొనవలెనా?"

బెజవాడ, నెల్లూరు సోదరీమణులకీ ప్రశ్న వింతగా తోచవచ్చును. సంక్రాంతినాడు సైతము ఫంకా ఆపని యిండ్లు అచ్చట గలవు. కాని ఆదిలాబాదులో ఉష్ణమానము కొన్ని రాత్రులు 5 డిగ్రీల వరకును, ఒక్కొక్కప్పు డంతకంటె దిగువకును పోవుచుండును. లంబసింగి చలి నెరిగినవారికిని, ఉద్యోగముల నిమిత్తము ఢిల్లీలో కాపురమున్న మన కుటుంబములకును ఈ ప్రశ్న ప్రతి సంవత్సరము వచ్చునదే.

ముందుగా అత్తగారి మాటను విచారింతము. "మేమందరము కుంపటి వేడిమిలోనే పెరిగితిమి, మాకేమైనది?" అని వారందురు. ఆ మాట అబద్ధము కాదు. అయితే వారు పెరిగిన యిల్లు వేరు. అది పెంకుటిల్లు. పెంకుల సందులనుండి పొగ పోవుచుండెడిది, తలుపు చెక్కల నడుమ వ్రేలు దూరునంత సందుండెడిది, గోడకును కప్పునకును మధ్య గాలి యాడుచుండెడిది. ఇప్పటి గదికి పైన కాంక్రీటు కప్పు, కిటికీలకు బిగువైన అద్దపు రెక్కలు. చలిగాలి రాకుండ తలుపు క్రింద గుడ్డయు దోపుదుము. కుంపటి మారలేదు, దాని చుట్టునున్న యిల్లు మారినది.

బొగ్గు మండునపుడు గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడనంత మాత్రమున నిప్పు మంచిదనుకొనుట పొరబాటు. చక్కగా ఎఱ్ఱబారి, పొగ లేకుండ కణకణలాడు నిప్పులనుండియు నిది వచ్చుచుండును. మన నెత్తుటిలో ప్రాణవాయువును మోసికొనిపోవు పదార్థమునకు ఈ వాయువు ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో అంటుకొనును. మొదట తలనొప్పి, వికారము, మత్తు కలుగును. మెలకువగా నున్నవారు బయటికి రాగలరు గాని, నిద్రించువారికి ఆ మత్తు నిద్రలోనే కలిసిపోవును. ఉత్తరదేశమున కుంపటి పెట్టుకొని తలుపులు మూసికొని పరుండి, తెల్లవారునప్పటికి లేవని కుటుంబముల వార్తలు ప్రతి చలికాలమునను పత్రికలలో చూచుచున్నాము. గర్భిణికిని, కడుపులోని బిడ్డకును, పసికందునకును ఈ వాయువువలన అపాయము మరింత యెక్కువ. కావున మూసిన గదిలో కుంపటి వలదు. ఈ యొక్క విషయమున అత్తగారితో ఎంత వినయముగా మాటలాడినను సరే, వెనుదీయకూడదు.

ఇక హీటరు సంగతి. దానిని ఏరుకొనుటకు ముందు అంగడికి గాక, మీ గది గోడ యొద్దకు పొండు. అచ్చటి ప్లగ్గు రంధ్రములను చూడుడు. మన యిండ్లలో రెండు పరిమాణములవి యుండును. చిన్నవి 6 ఆంపియరులవి, ఫంకాకును దీపమునకును చాలును. పెద్దవి 16 ఆంపియరులవి, ఇస్త్రీపెట్టె, గీజరు మొదలగువానికై పెట్టినవి. 2000 వాట్ల హీటరు మన 230 వోల్టుల కరెంటుమీద సుమారు 9 ఆంపియరులు తీసికొనును. కావున చిన్న ప్లగ్గు దానికి తగదు. బాలింతరాలి మంచమున్న గోడకు చిన్న రంధ్రములే యున్న యెడల, హీటరు కొనుటకు ముందు ఎలక్ట్రీషియనును పిలిపించి, తగిన లావు తీగతోను ఎర్తుతోను 16 ఆంపియరుల ప్లగ్గు పెట్టించుకొనుడు. వంటింటినుండి ఎక్స్‌టెన్షను బోర్డు లాగి, దానిని తివాచీ క్రిందుగా తెచ్చి పెట్టు తెలివి కొందరు మగవారికి తోచును. అట్టి సన్నని తీగ గంటలకొలది బరువు మోయలేక లోలోపల వేడెక్కి కరగుటయు, దానినుండి నిప్పంటుకొనుటయు కలదు.

అంగడిలో చూపిన నాలుగు విధములను గూర్చి రెండు మాటలు. ఎఱ్ఱగా మెరయు కడ్డీలు గలవి, అనగా క్వార్ట్జు, హాలొజెను హీటరులు, చౌకగా దొరకును. ఇవి గాలినంతటిని వేడి చేయవు, ఎండవలె ఎదుటనున్నదానినే వేడి చేయును. ముఖము మాడుచుండ వీపు వణకుచుండును. చీర కొంగో దుప్పటి అంచో తగిలిన అంటుకొనగలదు, రాత్రియెల్ల ఆ వెలుగు నిద్రను చెఱచును. విసరు హీటరు చిన్న గదిని త్వరగా వెచ్చబరచును గాని దాని చప్పుడు పసిబిడ్డకు పడదు. కన్వెక్టరు చప్పుడు చేయదు. క్రింద చల్లగాలి లోనికి పోయి పైన వేడిగాలి వచ్చుచుండును. తేలికైనది, కావున తన్నిన పడును. మిగిలినది నూనె హీటరు. రేకులు రేకులుగా నిలబడి చక్రములమీద నడచు పెట్టె యిది.

ఈ నూనె హీటరును గూర్చి రెండు అపోహలున్నవి. నూనె తరుగునేమో, మరల పోయవలెనేమో అని చాలమంది యడుగుదురు. అక్కరలేదు. ఆ నూనె మండునది కాదు, లోపల మూసియుంచిన వేడిని పట్టి యుంచునది మాత్రమే. రెండవది అంగడివారు పుట్టించినది: ఇది తక్కువ కరెంటు తీసికొని ఎక్కువ వేడి నిచ్చునట. నమ్మకుడు. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నిక్రోము తీగ కాలమునుండి నేటివరకు, తీగ కాలి వేడి యిచ్చు ఏ హీటరైనను తాను తీసికొన్న కరెంటునంతటిని వేడిగానే మార్చును. 1000 వాట్లు అన్నింటను 1000 వాట్లే. ఎక్కువ రాబట్టు ఉపాయ మొకటే కలదు. చల్లదనమును వెచ్చదనమును రెండును ఇచ్చు ఎయిర్ కండిషనరు బయటి గాలినుండి వేడిని లోనికి తోడుకొనును గనుక, ఒక యూనిటుకు సుమారు మూడు రెట్ల వేడి యిచ్చును. అది యింట నుండిన వేరే హీటరు కొననక్కరలేదు.

మరి నూనె హీటరునే ఏల యెంచుకొనవలెను? పొదుపు కొఱకు కాదు, నెమ్మది కొఱకు. గది వెచ్చబడుటకు ఇరువది, ముప్పది నిమిషములు పట్టును గాని, ఆపిన తరువాతను కొంతసేపు వెచ్చదనము నిలుచును. మెరుపు లేదు, విసరు లేదు. బరువైనది కావున తేలికగా పడదు. పడినచో తనంతట తానే ఆగు స్విచ్చును, కోరిన వెచ్చదనము రాగానే ఆగి మరల వెలుగు థర్మోస్టాటును, ఐ.ఎస్.ఐ. గుర్తును ఉన్నవేమో చూచి కొనుడు. పైభాగము చేయి పెట్టి యుంచలేనంత కాలును గనుక, ప్రాకు వయస్సు పిల్లలున్న యింట చుట్టును అడ్డు కట్టవలెను.

రేకుల లెక్క చూచి మోసపోవలదు. 9, 11, 13 రేకులని చెప్పుదురు. చూడవలసినవి వాట్లు. పది పండ్రెండడుగుల గదికి, చదరపుటడుగుకు 10 వాట్ల చొప్పున, 1200 వాట్లు చాలును. మూడు మెట్లు గల 2000 వాట్లది తీసికొని నడిమి మెట్టుమీద నడుపుకొనుట మేలు.

ఖర్చును మీరే లెక్క వేసికొనవచ్చును. 1000 వాట్లు ఒక గంట వెలిగిన ఒక యూనిటు. రాత్రికి 8 గంటలు ఎడతెగక వెలిగిన 8 యూనిట్లు, నెలకు 240. థర్మోస్టాటు మధ్యమధ్య ఆపుచుండును గనుక అంతకంటె తగ్గును. అయినను మన రాష్ట్రములలో వాడకము పెరిగినకొలది యూనిటు ధరయు మెట్లుమెట్లుగా పెరుగును గనుక, ఆ మాసపు బిల్లు చూచి మీ వారు కనుబొమలు ముడుతురు. పురిటి ఖర్చులలో దానిని ముందే వ్రాసి యుంచుడు.

బిడ్డ విషయమున ఒక మాట. అప్పుడే పుట్టిన శిశువునకు తన వేడిమిని తాను నిలుపుకొను శక్తి తక్కువ. శిశువు జన్మించు గది 25 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పది రూపాయల వస్తువుతో సాగునది కాదు గనుక, గోడకు చిన్న ఉష్ణమాపక మొకటి తగిలింపుడు. అట్లని గదిని కొలిమి చేయకూడదు. అతివేడియు పసికందునకు అపాయమే. బిడ్డ మెడ వెనుక చేయి పెట్టి చూడుడు, చెమట తగిలిన హీటరును తగ్గింపుడు. స్నానమునకు అరగంట ముందుగా వేసి, బిడ్డను తుడిచి గుడ్డలు కట్టిన తరువాత తగ్గించిన చాలును. తరువాతి వెచ్చదనమునకు తల్లి యొడిని మించిన సాధన మేదియు లేదు, దానికి బిల్లును రాదు.

హీటరు ప్రాణవాయువును తినునని కొందరు భయపడుదురు. విద్యుత్తు హీటరులో నిప్పు మండదు గనుక అట్టి భయము లేదు. గాలి ఆరినట్లై గొంతు ఎండును, అంతే. ఒక వెడల్పు గిన్నెలో నీరు హీటరుకు దూరముగా నుంచి, కిటికీ రెక్కను వ్రేలెడు తెరచి యుంచుడు. దుప్పట్లు, పరదాలు, మంచము మూడడుగుల దూరమున నుండవలెను. పొత్తిగుడ్డలు ఆరవేయుటకు దానికంటె అనువైన చోటు లేదని యెవరికైనను తోచును, నాకును తోచినది. ఆ పని మాత్రము చేయవలదు.

అత్తగారి కుంపటిని అటకమీద పెట్టనక్కరలేదు. నీరు కాచుటకును, సాంబ్రాణి వేయుటకును వసారాలో, బయటి గాలిలో దాని నుంచుడు. పొగ మాత్రము బిడ్డ ముఖమునకు తగులనీయక, బాలింతరాలి జుట్టు వరకే.

హీటరును పురిటికి పదిదినములు ముందుగానే తెప్పించి, ఒక సాయంకాలము గంటసేపు నడుపుడు. ఆపి, ప్లగ్గును ఊడదీసి, దాని తలను తాకి చూడుడు. గోరువెచ్చగా నున్న సరే. కాలుచున్న యెడల, ఎలక్ట్రీషియను మరల రావలసి యున్నది.