అవ్వ మనసుకు సాక్షి ఎవరు?

పెద్దమండ్యంలాంటి మెట్ట మండలంలో బతుకంతా చెనిక్కాయలు వొలిచిన అవ్వను ఆస్పత్రిలో కూర్చోబెట్టి, ‘ఈరోజు తారీఖెంత? వందలోంచి ఏడు తియ్యి, మళ్ళీ ఏడు తియ్యి, ఒక వాక్యం రాయి’ అంటే ఏమవుతుంది? తెల్లబోతుంది. పక్కనున్న కొడుకు ‘చూశారా సార్, ఏమీ తెలీదు’ అంటాడు. చీటీ మీద ఒక జబ్బు పేరు పడుతుంది. నడుస్తున్నది ఏ కార్తో, మదనపల్లె మార్కెట్లో టమోటా ధర ఎందుకు పడిపోయిందో ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ ప్రశ్నలు 1975లో అమెరికాలో తయారైన పరీక్షవి. దాన్ని హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని వృద్ధుల కోసం మేరీ గంగూలీ బృందం మార్చి 1995లో ప్రచురించింది. వందలోంచి ఏడు బదులు ఇరవైలోంచి మూడు తీయమన్నారు. వాక్యం రాయమనకుండా ఇంటి గురించి ఏదైనా చెప్పమన్నారు. జబ్బు గుర్తించాలంటే ముందు ప్రశ్న సరిగ్గా ఉండాలని వాళ్ళకు తెలుసు. మనకింకా తెలియవలసి ఉంది.

జబ్బు లేదని కాదు. 2023లో వెలువడిన దేశవ్యాప్త అంచనా ప్రకారం అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది, మగవారిలో 5.8 శాతమైతే ఆడవారిలో 9. అందుకే పరీక్ష కావాలి, తొందరపాటు తీర్పు వద్దు. రెండు రోజుల్లో వచ్చిన అయోమయానికి మూత్రంలో ఇన్‌ఫెక్షనో, కొత్తగా వేసిన మాత్రలో కారణం కావచ్చు. అది ఆ రోజే వైద్యం అందవలసిన స్థితి. మెల్లగా వచ్చిన మరపు వెనుక థైరాయిడ్, బి12 లోపం ఉండొచ్చు. వినపడని చెవిని, శుక్లం కమ్మిన కంటిని మతిమరుపుగా లెక్కగట్టడం మరీ అన్యాయం. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్న మనిషిది వయసు కాదు, దిగులు కావచ్చు. ఆ దిగులుకు మందుంది.

ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా, పింఛను ఎవరి చేతికి పోతోంది అన్నవి కూడా పరీక్షలో భాగమే. కొడుకు ఎదుట వాటికి జవాబు రాదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం, మానసిక వ్యాధి ఉందని తేల్చినంత మాత్రాన, కోర్టు ప్రకటించనిదే, ఎవరినీ మతిస్థిమితం లేనివారిగా భావించరాదు. డాక్టరు చీటీ చూపించి చేను కాగితాల మీద వేలిముద్ర వేయించుకోవడం కుదరదన్నమాట. చూసుకుంటామన్న షరతుతో పొలం రాయించుకుని ఆపైన వదిలేస్తే, 2007 చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు.

ఈసారి మీరెవరైనా అవ్వకు తోడుగా మదనపల్లె ఆస్పత్రికి వెళితే ఆమె కళ్ళజోడు, వేసుకుంటున్న మాత్రల పట్టీలు అన్నీ పట్టుకెళ్ళండి. కొడుకును పది నిమిషాలు బయట కూర్చోమని డాక్టరు చేత చెప్పించండి.