ప్యాకెట్టు వెనక్కి నడవండి

అనంతపురం యువతీ యువకులారా! కొట్టులో ఒక చిక్కీ ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని చూడండి. తయారీదారు చిరునామా ఉంటుంది, చక్కెర ఎంతో ఉంటుంది, గడువు తేదీ ఉంటుంది. అందులోని చెనిక్కాయ (వేరుశనగ) ఏ చేలో కాసిందో, కలుపు ఎవరు తీశారో, ఆ ఏడు వాన పడిందో లేదో ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ రాయని భాగమే మన జిల్లా. దాన్ని రాయించాల్సింది మీరే.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఎర్రనేలల్లో, ఉమ్మడి జిల్లాలో ఒకప్పుడు 7 లక్షల హెక్టార్లు దాటి చెనిక్కాయ వేశాం. ఇందులో రైతు తెలివితక్కువతనం లేదు. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టి వేయమంది, ధర పలికింది, వేశాం. కొర్ర, సామ, ఆముదం, అనుములు చేలు ఖాళీ చేశాయి. ఆపైన 1994లో పామోలిన్ దిగుమతికి దారి తెరిచారు. ఈ రోజు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తోంది. ఒకే పంట మీద బతికితే ఏమవుతుందో 2000లో కళ్లారా చూశాం. వయ్యారిభామ కలుపు పుప్పొడిలో దాగిన వైరస్‌ను తామర పురుగులు మోసుకొచ్చి, 2 లక్షల హెక్టార్లకు పైగా చేలను కాండం కుళ్ళు పాలు చేశాయి.

కంటికి కనపడని నష్టం ఇంకొకటి ఉంది. కాయ ఊరే వేళ బెట్ట వస్తే, మట్టిలో ఉన్న కాయకే ఒక బూజు పడుతుంది. అది వదిలే విషం అఫ్లాటాక్సిన్, కాలేయ క్యాన్సర్ తెచ్చే పదార్థం. నేరుగా తినే వేరుశనగలో అది కిలోకు 4 మైక్రోగ్రాములు మించకూడదని యూరప్ నిబంధన. సరిగ్గా ఆరని కాయను గోనెసంచిలో కుక్కినా, ఒలిచే ముందు నీళ్ళు చల్లినా బూజు రెట్టిస్తుంది. ఎక్కడో రేవులో సరుకు తిరగ్గొడితే ఆ నష్టం గ్రేడింగ్ కేంద్రం, దళారి, కళ్ళం మీదుగా కిందికి జారి చివరికి రైతు ధరలో కోతగా తేలుతుంది. పరీక్ష ఫలితం మాత్రం అతని దాకా రాదు. నాకు కోపం తెప్పించేది ఇదే: కరువు భారమంతా మోసేవాడికి ఆ కాగితం ముక్క కూడా చూపరు.

కలుపు తీసి, కాయ తెంపి, పప్పు ఏరే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవి. పంట పోయిన ఏడు పని కోసం బెంగళూరు బస్సెక్కేవాళ్ళలో వాళ్ళూ ఉంటారు. ఏ కంపెనీ లెక్కలోనైనా ఆ ప్రయాణ ఖర్చు చూశారా?

వేరే దారి మన గడ్డ మీదే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర బంజరు నేల పచ్చబడాలని బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం 1990లో టింబక్టు కలెక్టివ్‌ అనే సంస్థను మొదలుపెట్టారు. అక్కడి రైతుల సహకార సంఘం ధరణి చిరుధాన్యాలు, వేరుశనగ కొని, శుద్ధి చేసి, తమ పేరుతోనే అమ్ముతోంది. చేలో రసాయనాలు వాడలేదని రైతులే ఒకరి చేను ఒకరు తనిఖీ చేసి హామీ ఇస్తారు. ఇలాంటి సంఘాలు ప్రభుత్వ పెత్తనం లేకుండా నడిచేందుకు మన రాష్ట్రంలో 1995 నుంచే పరస్పర సహాయ సహకార చట్టం ఉంది.

చదువుకున్నవాళ్ళారా, ఇక్కడే మీ అవసరం. స్టాక్ మార్కెట్‌లో విలువ రీత్యా మొదటి 1000 కంపెనీలు ఏటా బాధ్యతా నివేదిక ఇవ్వాలని 2022-23 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. చిన్న ఉత్పత్తిదారుల దగ్గర ఎంత శాతం సరుకు నేరుగా కొన్నారో అందులో చెప్పాలి. మీరు తినే ప్యాకెట్టు ఆ కంపెనీలలో ఒకదానిదైతే నివేదిక దించుకోండి, తెలుగులో చదివి ఊరి రచ్చబండ దగ్గర వినిపించండి. మా కాయ ఆ లెక్కలో ఎక్కడుందో చెప్పమని ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే మళ్ళీ రాయండి, పదిమందితో సంతకాలు పెట్టించి రాయండి.

వచ్చే పంట కళ్ళానికి చేరేలోపు ఊళ్ళో పదిమంది కలవండి. అక్కల్నీ చెల్లెళ్ళనీ ముందు పిలవండి. చందా వేసుకుని తేమ కొలిచే మీటరు ఒకటి కొనండి. కాయను టార్పాలిన్ మీద ఆరబెట్టించండి, తేమ 8 శాతానికి దిగాకే సంచి కట్టించండి. కొనేవాడు వచ్చి తడి ఉందంటూ ధర తగ్గించబోతే, ఎంత ఉందో మీటరు పెట్టి చూపించి, రాసి సంతకం చేయమనండి.