డోలీ అంటే మోత ఒక్కటేనా?

పేపర్లో "డోలీ" అన్న మాట కనిపిస్తే మీకేం గుర్తొస్తుంది? కర్రకు దుప్పటి కట్టి గర్భిణిని మోసుకెళ్తున్న ఫొటో. అదీ నిజమే, రోడ్డు లేని ఊళ్లలో ఇప్పటికీ మోస్తూనే ఉన్నాం. కానీ కోయల్లో డోలీలంటే ఇంకొకళ్లు కూడా. డోలు కొడుతూ, పడిగె గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ గట్టు గోత్రాల కథలు చెప్పేవాళ్లు. మన మొదటి మీడియా వాళ్లే. ఏ వేల్పు ఎవరిది, ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, అంతా వాళ్ల నోట్లోనే ఉండేది. కథ తప్పితే ఎదురుగా కూర్చున్న ముసలోళ్లు అక్కడే ఆపి దిద్దేవాళ్లు. తర్వాత వచ్చిన ఏ మీడియాలోనూ ఆ దిద్దే హక్కు మనకు దొరకలేదు.

1922లో అల్లూరి దండు పంపిన మిరపకాయ టపా గురించి మీకు చెప్పక్కర్లేదు. అది మన్యం నుంచి బయటికి వెళ్లిన వార్త. ఆ తర్వాత చాలాకాలం వార్తలు మన దగ్గరికి రావడమే గానీ మన దగ్గర్నుంచి పోవడం లేదు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. మా తాత ట్రాన్సిస్టర్‌లో గోదావరి నీటిమట్టం వినేవాడు. "ఇది చెప్తుంది, మనం చెప్తే వినదు" అని మా నానమ్మ నవ్వేది.

1989లో ఈనాడు జిల్లా పేపర్లు తెచ్చాక ఊరి వార్తలకు చోటొచ్చింది. అయితే జిల్లా గీతే వార్తకూ గీత అయింది. కుక్కునూరు, వేలేరుపాడు 2014 దాకా ఖమ్మం, ఆ తర్వాత పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు. మన చుట్టాలున్న భద్రాచలం వార్త ఇప్పుడు పక్క రాష్ట్రం వార్త.

తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్‌కు వచ్చే పేపర్లలో మా మండలం పేరు వెతికేవాణ్ణి. మలేరియా, డోలీ, నాయకులొస్తే కొమ్ము డాన్సు. కొల్లేరులో ఆటపాక గూడబాతులకు మాత్రం చలికాలం వస్తే రంగుల ఫొటో. పక్షుల మీద నాకేం కోపం లేదు లెండి.

2020 డిసెంబరులో ఏలూరు టౌన్‌లో అంతుచిక్కని జబ్బుతో ఐదొందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. రోజుల్లోనే దేశంలోని ఛానళ్లన్నీ మాట్లాడాయి, ఢిల్లీ నుంచి నిపుణులు దిగారు. అలాగే జరగాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మా దగ్గర కరెంటు పోయింది, సిగ్నల్ పోయింది, గుట్టెక్కి టార్పాలిన్ల కింద ఉన్నాం. మీరు డ్రోన్ షాట్లు చూశారు. నీళ్లు తీశాక ఒక మైకు వచ్చింది. ఒక పెద్దమ్మ కోయలో మొదలుపెట్టింది. "తెలుగులో చెప్పమ్మా" అన్నారు. ఆమె తడబడింది. టీవీలో వచ్చింది రెండు ముక్కలు: బియ్యం లేవు, బట్టలు లేవు.

ఆమె చెప్పబోయింది అది కాదు. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చినప్పుడు నీళ్లు ఆమె ఇంటి గడప దగ్గర ఆగాయట. అంతకంటే తక్కువ వచ్చిన 2022లో పైకప్పు ఎందుకు మునిగింది? ఇంజనీర్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. భాష తెలియక బియ్యం అడిగినట్టు అయిపోయింది.

ఇప్పుడు ఫోన్ మన చేతిలోనే ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో మన గోండు బంధువులు మామూలు ఫోన్‌తో సొంత భాషలోనే సమస్య రికార్డు చేసేవాళ్లు. సరిచూశాకే అది నలుగురికీ వినబడేది. మనమేమో డాన్సు రీల్స్ దగ్గరే ఆగాం. రీల్స్ చేయండి, వద్దనను. దాంతోపాటు ఒక పని.

వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్లలో 1986 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కూర్చోబెట్టి కోయలోనే మాట్లాడించండి, కింద తెలుగు రాయండి. ఊరు, తేదీ చెప్పించండి. ఇంకో ఇద్దరు పెద్దలకు వినిపించి తప్పుంటే దిద్దించండి. ఫోన్‌లో ఒక్కచోటే ఉంచొద్దు, పోయిన వరదలో చాలా ఫోన్లు నీళ్లపాలయ్యాయి. డోలీ కథలు చెప్పగలిగినవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా మిగిలుంటే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి.